గంధం పూసిన త్రీ నాట్ ఎయిట్

రెండు వేల పంతొమ్మిది అక్టోబరు ఏడో తేదీ, సోమవారం, మహర్నవమి. ఆ రోజు పొద్దున రైఫిల్ క్లబ్బులో అందరూ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. పూజ అయ్యాక బొరుగుల్లో బెల్లం, పుట్నాలు కలిపి పంచుకున్నారు. నాకు తినడానికి నోరు లేదు గనక ముక్కుకు గంధం పూశారు. నా బతుకులో జరిగిన ఒకే ఒక్క శుభకార్యం అది. రెండు రోజుల తర్వాత దాన్నే నేరమన్నారు.

నేను ఒక తూటాను. మనుషులను చంపిన చరిత్ర నాకు లేదు, చంపాలన్న ఆశా లేదు. దూరాన నిలబెట్టిన కాగితానికి చిల్లు పెట్టే పోటీల కోసం పుట్టినదాన్ని. జనం నన్ను మొత్తంగా కలిపి బుల్లెట్ అంటారు. అది పెళ్ళివారందరినీ కలిపి పెళ్ళికొడుకు అన్నట్టు ఉంటుంది. నిజానికి మేం నలుగురం. ఇత్తడి గొట్టం, దాని కడుపులో మందు, అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ, పైన రాగి తొడుగు వేసుకున్న సీసపు గుండు. ఎగిరి వెళ్ళేది గుండు ఒక్కటే. తక్కినవాళ్ళం సాగనంపి వెనక నిలబడతాం. గుండు లావును బట్టి నాకు త్రీ నాట్ ఎయిట్ అని పేరు.

పుట్టింది ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో. అక్కడి నుంచే నా మీద అనుమానం మొదలైంది. మనుషుల బిడ్డను ముందు ఎత్తుకుని ముద్దాడి తర్వాత తూకం వేస్తారు. నన్ను ముందు తూచారు, తర్వాత కొలిచారు, తర్వాత దీపం కింద తిప్పి చూశారు. ముద్దు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాతోపాటు పుట్టినవాళ్ళలో కొందరిని, మేమందరం మంచివాళ్ళమేనా అని తెలుసుకోవడానికి, అక్కడికక్కడే కాల్చి చూశారు. వాళ్ళు మంచివాళ్ళని తేలింది. తేలాక వాళ్ళు లేరు. పెట్టెలో సర్దిన ఆవిడ మాత్రం నన్ను పట్టుకునే ముందు చేతి వేళ్ళ మీద వెచ్చగా ఊదుకుంది. ఊదుకున్నది తన చలికేనని నాకు తెలుసు. అయినా ఆ వెచ్చదనంలో కొంత నాకూ అందింది.

ఓడ దిగిన చోట మళ్ళీ అనుమానం. పెట్టె విప్పారు, కాగితాలు తిప్పారు, ఒక కుక్కను తెచ్చి వాసన చూపించారు. అందరూ నా మీద ఉన్న అంకెలే చదివారు. మొహంలోకి చూసింది ఆ కుక్కే. ఎండలో పడి ఉన్న మా పెట్టెను ఒక గుమాస్తా కాలితో నీడలోకి నెట్టాడు. కాలితోనే. అయినా నీడ నీడే కదా.

అలా అనంతపురం జిల్లాకు చేరాను. గాలిమరలు తిరిగే గుట్టల కింద ఈ క్లబ్బు ఉంది. గాలి అమ్ముకునేవాళ్ళు గుట్ట పైన మరలు పెట్టారు. గాలిని తిట్టుకునేవాళ్ళు గుట్ట కింద వెయ్యి గజాల మైదానం వేసుకున్నారు. ఈ గాలికి మాట నిలకడ లేదు. కాసేపు కుడి నుంచి వీస్తుంది, ఆ వంగిన గడ్డి లేవకముందే ఎడమ నుంచి వీస్తుంది.

ఇక్కడ మమ్మల్ని కాపాడేవాడు ఓబుళపతి. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసి రిటైరయ్యాడు. క్లబ్బు ఆయుధాల గది ఆయన చేతిలోనే ఉంటుంది. కాల్పులు జరిగేటప్పుడు మైదానం పెద్ద కూడా ఆయనే. ఈయనకు లోకంలో అందరి మీదా అనుమానమే. టీ తెచ్చిన మనిషి గ్లాసులు ఎన్ని తెచ్చాడో, ఎన్ని తీసుకుపోతున్నాడో చూస్తాడు. బల్లి అరిస్తే ఏ గోడ మీద నుంచి అరిచిందో వెతుకుతాడు. అలాంటి మనిషి చేతిలో ఉన్నందుకు నేను నిశ్చింతగా ఉండేదాన్ని. పొరపాటు పడింది అక్కడే.

ఆ ఏడాది క్లబ్బు ముందు ఒక పెద్ద ప్రశ్న వచ్చి కూర్చుంది. దూరపు పోటీలకు ఏ తూటా తెప్పించాలి? ఏడాదికి ఒకసారి, ఒక రకానికే దిగుమతి అనుమతి అడగగలరు. ఇంతకాలం నన్నే తెప్పించేవారు. ఇప్పుడు సిక్స్ ఫైవ్ అనే సన్నపాటిది వచ్చింది. గుండు నాకన్నా సన్నం, పొడవు. గాలిని చీల్చుకుని పోతుందని, దూరాన నాకన్నా తక్కువ పక్కకు జరుగుతుందని, భుజం మీద దెబ్బ కూడా తక్కువని దానికి పేరు. నా వైపు చెప్పుకోవడానికీ కొంత ఉంది. నేను వాడిన బారెల్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దాని వేడికి బారెల్ తొందరగా అరిగిపోతుంది. నేను మొరటుదాన్ని, అది నాజూకుది. మొరటువాళ్ళకు మన్నిక ఎక్కువనే సామెత మనుషులు ఇంకా కట్టలేదు గానీ, కట్టి ఉండాల్సింది.

ఇది వట్టి తూటాల తగువైతే నేను ఇంత దూరం చెప్పను. దీని వెనక ఇద్దరు మనుషులు ఉన్నారు.

ఒకరు సుభాషిణి. జూనియర్ కాలేజీలో ఆటల టీచరు. సొంత రైఫిల్ లేదు. క్లబ్బుకున్న పాత రైఫిల్‌తోనే కాల్చేది. అది నన్ను తప్ప మరొకదాన్ని మింగదు. పోయిన ఏడాది రాష్ట్ర జట్టులో చోటు వెంట్రుకవాసిలో తప్పింది. వచ్చే నెలలో మళ్ళీ ఎంపిక. క్లబ్బు సిక్స్ ఫైవ్ తెప్పిస్తే పాత రైఫిల్ బీరువాలోకి, ఆమె ప్రేక్షకుల కుర్చీలోకి.

ఇంకొకరు తిప్పేస్వామి. గ్రానైటు క్వారీ యజమాని. సిక్స్ ఫైవ్ రైఫిల్ కొత్తగా కొన్నాడు. దానితోపాటు వచ్చిన కొద్ది పెట్టెలు అయిపోతే ఆ రైఫిలూ గోడకు ఆనాల్సిందే. ఈయనకూ ఎవరి మీదా నమ్మకం లేదు. తన తూటాలను క్లబ్బు బీరువాలో పెట్టినా, సొంత ఇనుప డబ్బాలో, సొంత తాళం వేసి పెడతాడు.

"బీరువాకు తాళం ఉండాది కదప్పా, మళ్ళీ డబ్బాకు ఎందుకు?" అని ఓబుళపతి అడిగితే, "బీరువా తాళంచెవి నీ దగ్గర ఉండాది సార్, అందుకు" అన్నాడు.

క్లబ్బు అధ్యక్షుడు డాక్టర్ విఠోబారావు. కళ్ళ డాక్టరు, పెద్దమనిషి. ఆయన ఒక ఉపాయం చెప్పారు. దసరా మరుసటి రోజు ఇద్దరూ వెయ్యి గజాల దూరానికి కాల్చాలి. ఎవరి గుండ్లు దగ్గర దగ్గరగా పడితే ఆ రకానికి అనుమతి అడుగుదాం. తేలకపోతే పోయిన ఏడాది తెప్పించినదే మళ్ళీ. కాగితం ఆ సాయంత్రమే పంపాలి. ఇద్దరూ సరేనన్నారు. సరే అంటూనే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇక మహర్నవమి. ఆయుధపూజ. మన దేశంలో ఆ రోజు కుట్టుమిషనుకు, లారీకి, కొడవలికి, ఆఖరికి ఆఫీసు కంప్యూటరుకు కూడా బొట్టు పెడతారు. రైఫిల్ క్లబ్బు ఊరుకుంటుందా? రైఫిళ్ళన్నీ బల్ల మీద పరిచి పూలు పెట్టారు. తూటాల పెట్టెలకు మూతల మీద మాత్రం బొట్టు పెట్టారు. అదే పద్ధతి. అందరూ బొరుగులు తింటూ బయటికి వెళ్ళారు. ఓబుళపతి ఒక్కడే లోపల మిగిలాడు.

అప్పుడాయన మా పెట్టె మూత తీశాడు. నా రకంలో మిగిలింది ఆ ఒక్క పెట్టే, ఎల్లుండి సుభాషిణి కాల్చబోయేది దాన్నే. తలుపు వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. తననే ఎవరో అనుమానిస్తున్నట్టు ఒళ్ళు ముడుచుకున్నాడు. గంధం గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కరినీ బయటికి తీసి, రాగి ముక్కు మీద గంధం రాసి కుంకుమ అద్దాడు. నా వంతు వచ్చినప్పుడు పెదవులు కదిలాయి.

"తల్లీ, ఆ పిల్లకు ఇంగొక రైఫిల్ లేదు" అన్నాడు.

మైదానం పెద్ద ఎవరి పక్షమూ వహించకూడదు. ఆ సంగతి ఆయనకు నా కన్నా బాగా తెలుసు. అందుకే కాసేపు ఆగి, అమ్మవారికి చేరి ఉంటుందిలే అనుకున్నట్టు, బొటనవేలితో కుంకుమ తుడిచేశాడు. ఎరుపు పోయింది. గంధం పోలేదు. రాత్రికి ఎండి పెళుసుగా అంటుకుంది. రాగి మీద గంధం రంగు కంటికి ఆనదు. తిప్పేస్వామి డబ్బాకు మాత్రం మూత మీద బొట్టుతోనే సరి. తీసి పూద్దామన్నా తాళంచెవి లేదు. అనుమానం ఆ మనిషిని ఆ ఆశీర్వాదం నుంచి కాపాడింది.

నేను భయపడ్డాను. తూటాకు అందమంటే నునుపే. గుండు బారెల్‌లో తిరుగుతూ బయటపడి, బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ వెయ్యి గజాలు పోవాలి. ఒక పక్క రవ్వంత బరువు ఎక్కువైనా బొంగరం ఊగుతుంది. మా పెట్టెలో కొందరి గంధం రాలిపోయింది, కొందరిది సగం మిగిలింది, నాది పూర్తిగా అంటుకుని ఉంది. ఏ ఇద్దరమూ ఒకలా లేము. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా, దేవుడి గంధం దోషమని తూటా చెబితే ఎవరు వింటారు?

పరీక్ష రోజు మొదట తిప్పేస్వామి కాల్చాడు. తన తూటాలు తానే డబ్బా తీసి, ఒక్కొక్కటి వెలుగులో తిప్పి చూసి మరీ పెట్టుకున్నాడు. టెలిస్కోపులో చూసిన డాక్టరుగారు తలాడించారు. చిల్లులన్నీ ఒక పళ్ళెంలో పట్టేలా పడ్డాయి.

తర్వాత సుభాషిణి. చాప మీద బోర్లా పడుకుంది. ఓబుళపతి మమ్మల్ని ఒక్కొక్కరినీ తన చేతులతో అందించాడు. మొదటి గుండు బాగానే పడింది, దాని గంధం రాలిపోయి ఉంది. రెండోది మూరెడు పైకి పోయింది. మూడోది కిందికి. ఆ తర్వాతది అసలు టార్గెట్ మీదే లేదు. ఆమె మెడ మీద చెమట పట్టింది. గాలి మరీ అంత లేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ కాల్చింది. అదీ పైకే పోయింది.

"ఆపమ్మా, ఆపు!" అన్నాడు ఓబుళపతి. ఆయన మొహంలో పాత పోలీసు నిద్ర లేచాడు. "ఎవురో ఏందో చేసినారు. రైఫిల్ సైట్ మరలు ఎవురు ముట్టినారు? నిన్న ఈడికి ఎవురొచ్చినారు?"

ఆయన చూపు తిరిగి తిరిగి తిప్పేస్వామి మీద వాలింది.

"ఏం సార్, నా పక్క చూస్తాండావు?"

"చూస్తే తప్పేముండాది?"

"తప్పేముండాదా? నా డబ్బాకే తాళమేసుకుని తిరిగేటోణ్ణి, ఆయమ్మ రైఫిల్ జోలికి నేనెందుకు పోతా?"

"తాళమేసేటోనికే తాళం తీసేది కూడా తెలుస్తాది."

తిప్పేస్వామి మొహం ఎర్రబడింది. సుభాషిణి లేచి కూర్చుంది. తిప్పేస్వామి వైపు ఒక్కసారి చూసింది. ఆయనకు ఓబుళపతి మాట కన్నా ఆ చూపు ఎక్కువ తగిలింది. ఆమె మోచేతుల కింద మెత్తగా ఉంటుందని తన కొత్త చాపను పొద్దున ఇచ్చినవాడు ఆయనే. దాని మీద కూర్చునే ఆమె ఆయన్ను అనుమానించింది. మనుషులు ఇలా ఉంటారు. ఇందులో ఆమెను తప్పుపట్టను. పోయిన ఏడాది వెంట్రుకవాసిలో ఓడినవాళ్ళకు ప్రతి వెంట్రుకా తాడులా కనిపిస్తుంది.

ఓబుళపతి విచారణ సాగింది. రైఫిల్ మరలు బిగించి చూశాడు. బారెల్ లోపలికి దీపం వేసి చూశాడు. చాప దులిపాడు. ఒక్క తన చేతులను తప్ప అన్నింటినీ సోదా చేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈయన నాటకమాడుతున్నాడా అని నాకే అనుమానం వచ్చింది. లేదు. ఆయన నిజంగానే దొంగ కోసం వెతుకుతున్నాడు.

డాక్టర్ విఠోబారావు మిగిలిన తూటాల్లో ఒకదాన్ని తీశారు. అది నేనే. ఆయనకు చూపు అంత బాగుండదు. కళ్ళ డాక్టరుకే అలా ఉండడం గురించి క్లబ్బులో చాలా హాస్యాలు ఉన్నాయి. అందుకని నన్ను కళ్ళకు మరీ దగ్గరగా పెట్టుకున్నారు. అలా పెట్టుకోవడంలో ముక్కుకు కూడా దగ్గరయ్యాను.

"ఇదేందిది, గంధం వాసన వస్తాంది?"

అంతా దగ్గరికి వచ్చారు. డాక్టరుగారు గోటితో గీకారు. పసుపుపచ్చటి పొట్టు రాలింది.

"ఓబుళపతీ, ఈ పెట్టెను ఎవరు ముట్టినారు?"

"నేనెందుకు ముట్టుతా సార్? పెట్టె తెరిచి..." అక్కడ ఆగాడు. ఆయన చేతులు కిందికి జారాయి. "నేను ముట్టలేదు సార్. పూజ చేసినా, అంతే."

అలా అనడంలో అబద్ధమేమీ లేదు. ఆయన లెక్కలో పూజ చేయడం ముట్టుకోవడం కాదు. దొంగ ముట్టుకుంటాడు, భక్తుడు పూజ చేస్తాడు. రెండింటికీ వేళ్ళు ఒకటేనన్న సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది.

"నా డబ్బాకు పైన బొట్టు పెట్టి, ఈయమ్మ గుండ్లకు లోపల పెట్టినావా?" అన్నాడు తిప్పేస్వామి.

"నీది తాళమేసి ఉండాది."

"తాళం లేకుంటే పెట్టేవాడివా?"

"పెట్టేవాణ్ణి కాదప్పా" అన్నాడు ఓబుళపతి.

ఆ మాట చెప్పనవసరం లేదు. ఎవరూ నిరూపించలేరు. అయినా చెప్పాడు. ఇన్నాళ్ళు మనుషులను గమనించాను గానీ, తన మీద అనుమానాన్ని తానే ఖాయం చేసుకున్న మనిషిని అంతకుముందు చూడలేదు.

డాక్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అయితే పరీక్ష చెల్లదు. తేలలేదు కాబట్టి మాట ప్రకారం పాత రకమే రాయల్ల."

అంటే నేనే గెలిచాను. సుభాషిణి రైఫిల్ బతికింది. తిప్పేస్వామికి అప్పుడు తట్టింది.

"ఓహో! ఇదా కథ! గంధం పూసేది, గుండ్లు చెదరగొట్టేది, పరీక్ష చెడగొట్టేది, పాతదే రాయించేది! శానా తెలివైన పూజ సార్ ఇది. నేనేమో దొంగనా!"

"లేదప్పా, అంత తెలివి నాకు యాడిది?" అన్నాడు ఓబుళపతి. ఆ మాటకు ఇంకో రోజైతే అందరూ నవ్వేవారు.

అందరూ సుభాషిణి వైపు తిరిగారు. ఆమె ఊరుకుంటే చాలు. అయ్యో పాపం అన్నట్టు ఒక్క నిట్టూర్పు విడిస్తే వచ్చే నెల పోటీ ఆమెది. ఆమె ఊరుకుంటుందనే నేను అనుకున్నాను. నా జీవితంలో చూసినవన్నీ నన్ను అలా అనుకొమ్మన్నాయి.

"సార్, తడిగుడ్డ ఉందా?" అంది.

చాప మీద కూర్చుని మిగిలిన తూటాలన్నీ ఒక్కొక్కటి తుడిచింది. తర్వాత పొడిగుడ్డతో ఆరబెట్టింది. రైఫిల్ బారెల్‌ను ఓబుళపతి శుభ్రం చేయబోతే, "మీరొద్దు సార్, తిప్పేస్వామన్న చేస్తాడు" అంది. ఆయన ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత కూర్చుని బారెల్‌లో గుడ్డ తోశాడు. చాలా శ్రద్ధగా తోశాడు. తన మీద మాట రాకూడదని కావచ్చు, మరేదైనా కావచ్చు.

నన్ను మాత్రం తుడవలేదు. నేను సాక్ష్యమట. డాక్టరుగారు టీ సాసరు కింద పెట్టారు. ఆ సాసరు అంచు కింద నుంచే నేను తక్కిన కథ చూశాను.

మధ్యాహ్నానికి గాలి లేచింది. గుట్ట మీద మరలు వేగం అందుకున్నాయి. సుభాషిణి కాల్చింది. నా తోబుట్టువులు ఒక్కొక్కరే వెళ్ళారు. ఈసారి ఒక్కటి కూడా పైకి పోలేదు, కిందికి పోలేదు. కానీ చిల్లులు అడ్డంగా, ఆరేసిన బట్టల్లా ఒక వరసలో పడ్డాయి. గాలి ఎటు తోస్తే అటు జరిగాయి. న్యాయంగా ఉండాలని తిప్పేస్వామిని కూడా అదే గాలిలో మళ్ళీ కాల్చమన్నారు. ఆయన గుండ్లూ జరిగాయి. అయితే ఆమెవి జరిగినంత జరగలేదు.

డాక్టరుగారు టెలిస్కోపులో చూస్తూ ఎవరి మనసూ నొప్పించని మాట కోసం వెతుకుతున్నారు. ఆమె ఆయనకు ఆ శ్రమ లేకుండా చేసింది.

"పైకీ కిందికీ పోలేదు, అది నా చెయ్యి. పక్కకు పోయింది, అది ఈ ఊరి గాలి. ఈ గాలికి ఇది ఆగదు సార్. సిక్స్ ఫైవే రాయండి."

కాగితం మీద అదే రాశారు.

నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ నా మీద పుట్టింది మొదలు ఎందరో ఎన్నో అనుమానాలు పడ్డారు. నన్ను నమ్మి, తుడిచి, నిదానంగా కాల్చి, ఇది చాలదు అని నిజం చెప్పిన మనిషి ఈమె ఒక్కతే. అలా ఓడిపోవడంలో ఒక మర్యాద ఉంది.

తిప్పేస్వామి తన రైఫిల్ సంచిలో పెట్టుకుని బయలుదేరాడు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు. గెలిచినవాడి మొహం కాదది.

"సుభాషిణమ్మా, సెలక్షన్లో మనం కాల్చేది వేర్వేరు విడతల్లోనేనంట కదా?"

"అవునన్నా."

"అట్లయితే నీ విడతకు నా రైఫిల్ ఇస్తా. ఊరికే కాదు. నా ముందర తుడిచి, నా ముందర కాల్చి, నా ముందర వాపసు ఇయ్యల్ల. ఇంగొక మాట, ఈ సార్ దాన్ని ముట్టరాదు. పూజ కూడా చేయరాదు."

"తుడిచే గుడ్డ?"

"అది కూడా నేనే తెస్తా. నీ గుడ్డను నమ్మేదెట్ల?"

ఆమె నవ్వింది. పొద్దుటి నుంచి మొదటిసారి. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే అన్నాడు మరి. మరుసటి వారం నుంచి ఆ కొత్త రైఫిల్‌తో ఆమె సాధన మొదలుపెట్టింది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని, చేతిలో మడత పెట్టిన గుడ్డతో కాపలా కూర్చునేవాడు. గాలి కుడి నుంచి లేస్తే ముందుగా చెప్పేది కూడా ఆయనే.

పరీక్ష జరిగిన ఆ సాయంత్రం ఓబుళపతి నన్ను సాసరు కింద నుంచి తీసి ఆయుధాల గదికి తెచ్చాడు. నాతో ఇక పని లేదు. ఎప్పుడో ఒకనాడు పైనుంచి ఉత్తర్వు వస్తుంది, నన్ను లెక్కలో రాసి ఎక్కడికో పంపి రూపుమాపుతారు. అంతవరకూ బీరువాలో ఒక మూల. ఎగరకుండా ముసలిదైన తూటాను నేను. కానీ నా ముందు ఎగిరినవాళ్ళందరూ చివరికి మట్టిదిబ్బలోనే దిగబడ్డారు గనక పెద్దగా అసూయ లేదు.

ఆయన బీరువా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. తాళంచెవుల గుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరుగారు ఆయన్ను పని మానుకొమ్మనలేదు. అలా అననందువల్లే ఆయనకు ఎక్కువ సిగ్గుగా ఉందని చూస్తేనే తెలుస్తోంది.

గడప దగ్గర సుభాషిణి నిలబడింది. భుజానికి సంచి, ఒక చేతిలో హెల్మెట్టు.

"పోయొస్తా సార్."

ఆయన తలెత్తలేదు. "నీకు మంచి చేయబోయి నిన్ను ముంచినానమ్మా."

"ముంచలేదు సార్. గాలి ముంచింది." హెల్మెట్టు రెండో చేతికి మార్చుకుని అంది, "వచ్చే నవమికి బొట్టు నాకు పెట్టండి. గుండుకొద్దు."

బయట ఆమె స్కూటరు స్టార్టయి, గుట్ట మలుపు దాకా వినబడి, ఆగిపోయింది. ఆయన ఇంకొంచెంసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి నన్ను అరలో పెట్టాడు. దొర్లకుండా పక్కన అట్టముక్క ఒకటి ఆనించాడు. బీరువాకు తాళం వేసి, దీపం ఆర్పి, బయటికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.